వదులుగా కట్టిన వల

మా ఆయన బంతాట ఆడుతూ పోయాడని ఊళ్లో కొందరు ఇప్పటికీ అంటారు. ఒకసారి నరసన్నపేట సంతలో చేపల బుట్ట ముందు కూర్చుంటే, బేరానికి వచ్చిన ఆడమనిషి నా ముఖంలోకి చూసి, "నీ పెనిమిటి ఆటలో పోయినాడట కాదేటి?" అంది. అని, నా చేతిలోని చేపని వేలితో నొక్కి తాజాదో కాదో చూసుకుంది. ఆటలో పోవడం తక్కువో ఎక్కువో నాకు తెలియదు. నేను చదువుకున్నదాన్ని కాను. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. ఇది నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. తెలిసినంత చెబుతాను.

మాది సముద్రం ఒడ్డు ఊరు. ఆయన మా మేనమామ కొడుకు. బావా అని పిలిచేదాన్ని, పెళ్లయ్యాక కూడా అదే పిలుపు. మా ఊరి మగపిల్లలు సాయంత్రం అయ్యేసరికి ఇసుకలో రెండు సరుగుడు కర్రలు పాతి, మధ్యలో చినిగిన వల ముక్క కట్టి వాలీబాల్ ఆడేవారు. పొద్దున్నే ఆ ఇసుకలోనే పరుగులు తీసేవారు, మిలట్రీ సెలక్షన్ల కోసం. బావ పొడగరి. ఎగిరి కొడితే బంతి ఇసుకలో గుంట పెట్టేది. సముద్రం మీదికి వెళ్లనని, మిలట్రీకి వెళ్తానని అన్నప్పుడు మా మావ, అంటే ఆయన తండ్రి, చాలా రోజులు కొడుకుతో మాట్లాడలేదు. మావది చేతి పని. మా తీరంలో వల అల్లాలన్నా, తాడుకి కట్టాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆ పని తనతో ఆగిపోతుందని కోపం.

హుద్‌హుద్ తుపాను పోయిన మరుసటి ఏడు బావని కాశ్మీరంలో కొండ మీది పోస్టుకి వేశారు. యుద్ధమని ఎవరూ చెప్పలేదు. టీవీలో కాల్పులు అనేవారు. అక్కడినుంచి కొండ అవతలివాళ్లు కనిపిస్తారట, వాళ్లకి మనవాళ్లు కనిపిస్తారట. వాళ్లు గుండ్లు వేస్తే వీళ్లు వేస్తారు. ఇంట్లో కూర్చున్న ఆడదానికి ఇది యుద్ధం కాదని ఎవరు చెబితే నమ్ముతుంది?

సిగ్నల్ దొరికిన రోజు ఫోన్ చేసేవాడు. కాల్పుల సంగతి అడిగితే మాట తప్పించేవాడు. ఆట సంగతి మాత్రం తెగ చెప్పేవాడు. పోస్టు పక్కన కాస్త చదును నేల ఉందట, మా ఇంటి ముందు చేపలు ఎండబెట్టే జాగా కంటే కొంచెం పెద్దది. ఒకవైపు బంకరు, రెండోవైపు లోయ. రోజుల తరబడి బంకరులో కూర్చుంటారు. పేకాట విసుగొస్తుంది, క్యారమ్స్ విసుగొస్తుంది. ఒకడు మాట్లాడడం మానేస్తాడు. ఇంకొకడు ఊరికే తుపాకీ తుడుస్తూ ఉంటాడు. అటువైపు నుంచి చప్పుడు లేక, పొగమంచు అడ్డుగా ఉన్న సాయంత్రం వస్తే బంతి తీసుకుని బయటపడతారు. ఆఫీసరు కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.

"ఆ సాయంత్రం ఆడకపోతే పిచ్చెక్కిపోతాదే," అనేవాడు.

"లోయలోకి బంతి పోతే?"

"పోతాది. తెచ్చుకుంటాం."

"ఎవులు తెస్తారు?"

"ఎవుడు కొడితే ఆడే తేవాల. అదీ రూలు."

"గట్టిగా కొట్టేది నువ్వే కదా బావా."

నవ్వాడు. "సముద్రం ఒడ్డున పుట్టినోణ్ని. అడుగు ఎక్కడెయ్యాలో నాకు తెల్దేటి?"

ఆ లోయలో మందుపాతరలు ఉన్నాయి. మనవాళ్లే ఎప్పుడో పాతారు. వానలకీ మంచుకీ అవి జరిగిపోయాయి, ఎక్కడున్నాయో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఈ సంగతి బావ చెప్పలేదు. ఆయనతో పాటు అదే పోస్టులో ఉన్న సాలూరు అబ్బాయి సెలవు మీద వచ్చి, మా ఇంట్లో అన్నం తింటూ నోరు జారాడు. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. ఆ అబ్బాయి మాట కూడా రోడ్డు మీద లారీలా ఆగకుండా పోయేది. బంతి కోసం దిగి ఒకడికి పాదం పోయిందని చెప్పాడు. చెప్పి నాలుక కరుచుకుని, "అన్నతో అనకు వొదినా, నన్ను చంపేస్తాడు" అన్నాడు. దాని తర్వాత ఆట కొన్నాళ్లు ఆపించారట. మళ్లీ మొదలైంది. ఆ కొండ మీదికి ఇంకో బంతి రావాలంటే నెలలు పడుతుంది. అందుకని దిగుతూనే ఉన్నారు.

అప్పటినుంచి ఫోన్ వస్తే నా మొదటి మాట అదే. బంతి పోయిందా, ఎవులు తెచ్చారు? "నేనే" అని ఆయన ఎన్నిసార్లు అన్నాడో. ఆ మాట విన్న రోజు అన్నం సహించేది కాదు.

ఆ సెలవులోనే సాలూరు అబ్బాయి బావ కబురు ఒకటి తెచ్చాడు. ఆట మధ్యలో కట్టే నెట్టు మంచుకి నానిపోయి చినిగింది, నాన్నని ఒకటి అల్లమను అని.

ఇన్నేళ్లకి కొడుకు తండ్రిని ఒక వల అడిగాడు. మావ పైకి గొణిగాడు గాని, ఆ పొద్దే నైలాన్ దారం తెప్పించాడు, నీలం రంగుది. మోకాళ్ల నొప్పితో వీధి అరుగు దిగని మనిషి, సరుగుడు చెట్టు నీడలో చాప వేయించుకుని కూర్చున్నాడు.

"ఎంత లోతు కావాలట?"

"రెండు మూరలు చాలట మావా."

"రెండు మూరలా? ఏటి, పీతలకా? సిపాయిలు ఆడే వల రెండు మూరలు ఉంటాదా? నా పరువు తీయిస్తావా?"

మనిషి నిలువు లోతున అల్లాడు. నేను సూదికి దారం చుట్టి ఇచ్చేదాన్ని. చూసి చూసి నాకూ ముడి వచ్చింది. అల్లడం అయ్యాక పై తాడుకి కట్టేటప్పుడు, సముద్రం వలకి కట్టినట్టే కుచ్చులు కుచ్చులుగా, వదులుగా కట్టాడు. నేను ఒకటికి రెండుసార్లు చెప్పి చూశాను.

"మావా, ఇది బంతికి. చేపకి కాదు. బిగించి కట్టు."

"ఒలే, నా దగ్గర నేర్సుకుని నాకే సెప్తన్నావేటి? బిగించిన వలకి సేప తగిలితే ఎనక్కి ఎలిపోతాది. వొదులుగా ఉంటేనే సుట్టుకుంటాది. వల అంటే అదే. బంతైతే ఏటి, సేపైతే ఏటి?"

అడుగు తాడుకి సీసం గుండ్లు కూడా కట్టబోతే నేను అడ్డం పడ్డాను. సాలూరు అబ్బాయి సెలవు అయిపోయి వెళ్తూ, వలని గోనె సంచిలో కుక్కుతూ, "వొదినా, దీన్తో బంతాట ఆడమన్నాడా, సొరసేపని పట్టమన్నాడా?" అన్నాడు. మావకి వినపడింది. వినపడనట్టు ఉన్నాడు.

ఫోన్‌లో బావ నవ్వు ఆగలేదు. బంతి తగిలితే చాలు, వల దాన్ని మింగేసి కిందికి వేలాడుతుందట. కింద సగం నేల మీద పోగు పడి, ఆడేవాళ్ల కాళ్లకి చుట్టుకుంటుందట. "నాన్నకి సెప్పు, ఇయాల మూడు బంతులు పడ్డాయి, పులుసెట్టుకుంటాం అని." నేను చెబితే మావ ముఖం తిప్పుకున్నాడు.

తర్వాత ఫోన్ వచ్చినప్పుడు బావ గొంతు వేరుగా ఉంది.

"ఒసే, ఆ వలని మధ్యలోంచి తీసేసి అంచుకి కట్టినాం. లోయ పక్క. మధ్యలో ఉత్త తాడు కట్టి ఆడతన్నాం. బంతి లోయలోకి పోబోతే వల పట్టేస్తంది. ఇంక ఎవులూ దిగక్కర్లేదు."

"నిజమేనా?"

"గుంట మీద ఒట్టు."

మా అమ్మాయి మీద ఎప్పుడూ ఒట్టు వేయని మనిషి. మావకి చెబితే కర్ర తీసుకుని ఒడ్డుకి వెళ్లాడు. అక్కడ పడవల దగ్గర ఎంతమంది ఉంటే అంతమందికి చెప్పి, చీకటి పడేముందు వచ్చాడు. రెండు మూరలే అల్లి ఉంటే, బిగించి కట్టి ఉంటే ఏమయ్యేదని అందర్నీ అడిగాడట.

ఆ రోజుల్లో ఫోన్‌లో బావ ఇంకో మాట కూడా అనేవాడు. బంతి ఆ వలలో పడితే దారం చుట్టుకుపోతుంది. తెలియనివాడు లాగితే ఇంకా బిగుసుకుంటుంది. చేపని వలకన్ను లోంచి వెనక్కి తోసి తీసినట్టు తీయాలి. అక్కడ అది తనొక్కడికే తెలుసట. "అందరూ నిలబడి సూస్తారే, నాను తీస్తాను," అనేవాడు గొప్పగా. నేను కూడా సంతోషించాను.

కబురు వచ్చిన పొద్దు నేను ఎండు చేపలు తిరగేస్తున్నాను. ఫోన్‌లో హిందీ. నాకు రాదు. బావ నంబరు కాదు, బావ గొంతు కాదు. నేను "ఎవులు, ఎవులు" అంటూనే ఉన్నాను. చివరికి అవతల ఎవరో తెలుగు మనిషికి ఇచ్చారు. అది సాలూరు అబ్బాయి. ఎప్పుడూ ఆగని వాడి మాట ఆ పొద్దు రాలేదు. ఏడుపు విని నాకు తెలిసింది.

విశాఖపట్నం దాకా విమానంలో, అక్కడినుంచి పూలు కట్టిన బండిలో తెచ్చారు. రోడ్డు పొడవునా జనం. మా వీధిలో పట్టనంత మంది. పెట్టె తెరవనివ్వలేదు. మావ పెట్టె పక్కన చతికిలబడి, "సేతులు సూపించండి బాబూ, సేతులు సూస్తే సాలు" అన్నాడు. చిన్నప్పుడు వలతాడు కోసిన గీతలు బావ అరచేతుల్లో ఉండేవి. వచ్చిన సిపాయిలకి తెలుగు రాదు. ఎవరో చెప్పారు. వాళ్లు తల అడ్డంగా ఊపారు. మావ ఆ చెక్క మీదే చేయి వేసి తడిమాడు. తుపాకులు పేలుస్తారని మాకు ముందు ఎవరూ చెప్పలేదు. ఆ చప్పుడుకి మా అమ్మాయి నా కొంగులో దూరి, మళ్లీ బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

పోస్టులో డ్యూటీ మీద ఉండగా గుండు పడిందని చెప్పారు. తర్వాత ఆయన నల్ల ట్రంకు పెట్టె వచ్చింది. తెరిచాను. బట్టలు, దుప్పటి, గడ్డం గీసుకునే సామాను. అడుగున బూట్లు, పాలిష్ చేసి ఉన్నాయి. ఆటకి వేసుకునే గుడ్డ బూట్లు లేవు. డ్యూటీ బూట్లు పెట్టెలో ఉంటే, మనిషి ఏమి తొడుక్కుని డ్యూటీ చేశాడు? నేను పెట్టె మూసేశాను. మావతో అనలేదు. కాని ఇలాంటివి దాగవు. సెలవు మీద వచ్చిన ఎవరో ఎక్కడో అన్నారు, ఊళ్లోకి వచ్చేసింది. ఆటలో పోయాడట.

వేసవిలో సాలూరు అబ్బాయి వచ్చాడు. అదే గోనె సంచి భుజం మీద. గుమ్మంలో నిలబడ్డాడు గాని లోపలికి రాలేదు. మంచినీళ్లు ఇస్తే పట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు. కాసేపటికి సంచి మూతి విప్పాడు. నీలం వల. మట్టి వాసన, దానితో పాటు కాలిన వాసన. నేల మీద పరిచాడు. మధ్యలో మనిషి దూరేంత కన్నం. చుట్టూ దారాలు కరిగి, చివర్లు నల్లగా గట్టిగా ముళ్లలా అయిపోయాయి.

"వొదినా, దీన్ని బాగుసెయ్యాల. అక్కడ ఎవులికీ ఈ ముడి రాదు. మేం తాళ్లు అడ్డం కట్టినాం గానీ బంతి అందులోంచే పోతంది. మొన్న ఒకడు మళ్లీ లోయలోకి దిగినాడు."

"ఏటయింది?"

"ఏటీ అవ్వలేదు. ఈ పాలికి."

"ఇంకా ఆడతన్నారా?" అన్నాడు మావ, అరుగు మీదినుంచి.

"కొన్నాళ్లు మానేసినాం తాతా. ఉండలేకపోయినాం."

నేను ఆ కన్నం చూస్తూ అడిగాను. "ఆ యాల నా బావ ఎక్కడ నిలబడ్డాడు?"

వాడు మావ వైపు చూశాడు.

"సెప్పు నాయనా," అన్నాడు మావ. "దాసింది సాల్లే."

అప్పుడు చెప్పాడు. పొద్దున్నుంచి చప్పుడు లేదు. పొగమంచు దట్టంగా ఉంది. ఆట మంచి ఊపులో ఉండగా ఒకడు కొట్టిన బంతి వెళ్లి వలలో పడింది. బావ వెళ్లాడు తీయడానికి. అందరూ బంకరు పక్కన నిలబడి అరుస్తున్నారు, బేగి తియ్యరా అని. బావ వెనక్కి తిరగకుండానే, "ఆగండ్రా, పెద్ద సేప పడింది" అన్నాడట. ఆ వదులులో బంతి బాగా చుట్టుకుపోయింది. ఇంతలో మంచు విడిపోయింది, కొండ అవతలినుంచి గుండు వచ్చింది.

"మేం అందరం బంకరుకి దగ్గరే ఉన్నాం వొదినా. దూకేసినాం. ఆడొక్కడే అంచున ఉన్నాడు."

మావ లేచాడు. కర్ర వెతుక్కున్నాడు. అరుగు దిగి, వెనక్కి తిరగకుండా, "దాన్ని కాల్సెయ్యండి. నా కొడుకుని పట్టిన వల అది" అని వెళ్లిపోయాడు.

సాలూరు అబ్బాయి వల మడవబోయాడు. "తప్పయిపోయింది వొదినా, తేకుండా ఉండాల్సింది."

నేను వాడి చేయి పట్టుకుని ఆపాను. నాకు ఆ వలని చూడాలని లేదు. అంటుకోవాలని లేదు. కాని లోయలోకి దిగినవాడికి కూడా ఇంట్లో ఒకతె ఉంటుంది. ఫోన్ రాగానే, బంతి ఎవులు తెచ్చారని అడుగుతుంది. "నువ్వు ఇంటికెల్లి మీ అమ్మ దగ్గిర ఉండు. ఎల్లేముందు వచ్చి పట్టుకెల్లు," అన్నాను.

వల బాగుచేయాలంటే ముందు పాడైనది కోసేయాలి. మంచి వలకళ్లు వచ్చేదాకా చుట్టూ కోసుకుంటూ పోవాలి. కోసేకొద్దీ కన్నం పెద్దదయింది. ఆ నీలం దారం దొరకలేదు, ఆకుపచ్చది తెచ్చుకున్నాను. ఒక్కో ముడి వేస్తుంటే, ఇక్కడ ఆయన చేయి ఉండేదా, ఇక్కడ తల ఉండేదా అని వచ్చేది. అలా వచ్చినప్పుడు లేచి వెళ్లి కుండలో నీళ్లు ముఖం మీద కొట్టుకుని మళ్లీ కూర్చునేదాన్ని. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చూసి, "దీనికి మతి సలించింది" అనుకున్నారు. మావ నాతో మాట మానేశాడు. అన్నం పెడితే సగం తిని చేయి కడిగేసేవాడు. నేను కోసి పడేసిన కాలిన ముక్కలు మాత్రం, గుంట కాలికి గుచ్చుకుంటాయని, ఇసుక తడిమి తడిమి ఏరి తువ్వాలు కొంగున మూట కట్టుకున్నాడు. వాటిని ఏం చేశాడో నేను అడగలేదు.

చివరి ముడి వేసిన పూట మావ కత్తి పట్టుకుని వచ్చాడు. చాప మీద కూలబడి, పై తాడుకి వల కట్టిన కట్లు ఒక్కొక్కటే పటపట కోసేయడం మొదలుపెట్టాడు. నేను రెండు చేతులతో వల మీద పడ్డాను.

"మావా! ఇన్నాళ్లు నా సేతులు పోయినాయి. ఎందుకు కోస్తన్నావు?"

"లెగు."

"లెగను."

"లెగవే అమ్మా." ఆయన గొంతు అంత మెత్తగా నేను ఎన్నడూ వినలేదు. "ఈ వొదులే నా కొడుకుని అక్కడ నిలబెట్టీసింది. బంతి తగిలి ఎనక్కి రావాల. ఎవుడూ అంచుకి ఎల్లి తియ్యక్కర్నేకుండా ఉండాల. బిగించి కడతాను. తాడట్టుకో."

బిగించి కడితే వల పొడవు సాగింది, పాత తాడు చాల్లేదు. మావ పాకలోకి వెళ్లాడు. తాను సముద్రం మీదికి తీసుకెళ్లిన ఆఖరి వల అక్కడ దూలానికి వేలాడుతూ ఉండేది. ఎవరు అడిగినా ఇవ్వలేదు, అమ్మలేదు. దాని పై తాడు కోసి లాక్కుని వచ్చాడు. వల తేలడానికి కట్టిన బెండ్లు తీసి పక్కన పడేశాడు. ఆ తాడుకి కుచ్చు లేకుండా, కన్నుకి కన్ను లాగి, కట్టు మీద కట్టు వేశాడు. పొద్దంతా కట్టాడు. చేతి పట్టు చాలని చోట పంటితో పట్టి బిగించాడు. జీవితమంతా ఎవరైనా అలా కడితే తిట్టిన మనిషి.

రెండు సరుగుడు చెట్లకి దాన్ని లాగి కట్టాం. మా అమ్మాయి రబ్బరు బంతి అడిగి తీసుకున్నాడు. ఎన్నడూ బంతి పట్టుకోలేదు ఆయన, రాయి విసిరినట్టు విసిరాడు. బంతి వలకి తగిలి తిరిగి వచ్చి ఆయన కాళ్ల దగ్గర ఆగింది. మళ్లీ విసిరాడు, మళ్లీ వచ్చింది. చాలాసేపు విసిరాడు. ఎందుకు ఆపడం లేదో నాకు తెలుసు కాబట్టి ఆపమనలేదు.

"దీన్లో ఇంకేటీ పడదు," అన్నాడు చివరికి, అని అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాడు.

సాలూరు అబ్బాయి వచ్చి పట్టుకెళ్లాడు. కొన్నాళ్లకి ఫోన్ చేశాడు. బంతి వెనక్కి వస్తోందట, అంచు దగ్గరికి ఎవరూ వెళ్లడం లేదట. మావకి చెప్పాను. తాడు పోయిన ఆయన పాత వల పాకలో ఒక మూల కుప్పగా పడి ఉంది. మావ పోయేదాకా దాన్ని మళ్లీ దూలానికి ఎత్తలేదు, ఇంకో వల అల్లనూ లేదు.

సంతలో ఆ ఆడమనిషి అడిగిన రోజు నేను జవాబు చెప్పాను. "అవునమ్మా, ఆటలోనే. వలలో పడ్డ బంతిని తీస్తా పోయినాడు." ఆమె ఇంక బేరం ఆడలేదు. ఆ చేపే కొనుక్కుని వెళ్లింది.